ప్రాజెక్ట్ మేనేజరుగా మీ చేతిపని ఏదో మీరే కనిపెట్టడం ఎలా

2009లో నన్ను ప్రాజెక్ట్ మేనేజరుని చేశారని ఊరికి ఫోన్ చేసి చెప్తే మా నాయనమ్మ అడిగిన మొదటి మాట, "ఏ ప్రాజెక్టే తల్లీ, సాగరా?" అని. మా పల్నాట్లో ప్రాజెక్టంటే డ్యామే. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన రోజుల్ని, 1967 ఆగస్టులో కాలువలకి నీళ్లు వదిలిన రోజుల్ని ఆవిడ చూసింది. ఆ తర్వాత కొన్నేళ్లకి మా మెట్ట మాగాణి అయింది. ప్రాజెక్టంటే ఆవిడకి పొలంలోకి నడిచొచ్చే నీళ్లు. "మరి నువ్వు కట్టేదేంటి?" అని రెండో ప్రశ్న వేసింది. నేను ఏదో చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆ ప్రశ్న మళ్లీ నా ముందుకొచ్చింది 2014లో. ఒక బీమా కంపెనీ క్లెయిముల సిస్టమ్ని పాతదాన్నుంచి కొత్తదానికి మార్చే పని, పద్నాలుగు నెలలు, ముప్ఫై ఎనిమిది మంది. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి లైవ్‌లోకి వెళ్లింది. మాదాపూర్ ఆఫీసు క్యాంటీన్లో అందరూ టీలు పట్టుకుని మాట్లాడుకుంటున్నారు. ఒకబ్బాయి "నా మాడ్యూల్ ఒక్క తప్పు లేకుండా లేచింది" అన్నాడు. టెస్టింగ్ అమ్మాయి తను ఆఖరి రోజు పట్టిన పొరపాటు గురించి చెప్పింది. డేటాబేస్ చూసే పెద్దాయన నలభై లక్షల రికార్డులు ఎట్లా తరలించాడో చెప్పాడు. అందరి కోసం నేను చప్పట్లు కొట్టాను. క్యాబెక్కి మియాపూర్ వెళ్తుంటే మనసులో ఒకటే తిరిగింది: ఇందులో నాది ఏది?

అప్పట్నుంచి నేను చేసుకుంటూ వచ్చినవి, నా దగ్గర ఈ పని నేర్చుకున్న పిల్లలతో చేయించినవి ఇక్కడ రాస్తున్నాను. కోడింగ్ వదిలి మేనేజరై రెండు మూడేళ్లయి, జీతం బాగానే ఉన్నా ఆదివారం సాయంత్రం అయ్యేసరికి గుండె బరువెక్కేవాళ్ల కోసం.

ఈ ఖాళీ మీ ఒక్కరిదే కాదు

ఇది ఎందుకు వస్తుందో తెలిస్తే సగం భారం దిగుతుంది. మన సర్వీస్ కంపెనీల్లో మెట్లు అలా కట్టారు. డెవలపరు, మాడ్యూల్ లీడు, టెక్ లీడు, ఆ పైన మేనేజరు. చాలా చోట్ల పైకెక్కడానికి అదొక్కటే దారి. బాగా కోడ్ రాసే మనిషిని, బాగా రాసినందుకే, కోడ్ దగ్గర్నుంచి లేపి తీసుకెళ్లి వేరే పనిలో కూర్చోబెడతారు. పదేళ్లు సాయంత్రానికి "ఇదిగో, ఇది నేను చేశాను" అని చూపించగలిగిన మనిషికి ఒక్కసారిగా చూపించడానికి ఏమీ ఉండదు.

రెండో కారణం వృత్తిలోనే ఉంది. ఈ పని ఒక వృత్తిగా గట్టిపడింది కట్టడాల్లో, కర్మాగారాల్లో, ఆయుధాల తయారీలో. ఏ పని ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో తేల్చే క్రిటికల్ పాత్ లెక్క 1957లో డ్యూపాంట్ కంపెనీ రసాయన కర్మాగారాల పని నుంచి వచ్చింది. ఏ పని తర్వాత ఏ పనో, ఎంత కాలమో గీసి చూపే పెర్ట్ చార్టు 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం తయారైంది. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌ వృత్తి సంస్థ పీఎంఐ 1969లో పుట్టింది. అక్కడ మేనేజరుకి తన చోటు తనకి తెలుసు. సాఫ్ట్‌వేర్లో మాత్రం 2001లో పదిహేడు మంది అమెరికాలోని యూటాలో కూర్చుని, పనిని చిన్న చిన్న ముక్కలుగా చేసి చూపిస్తూ మార్చుకుంటూ పోదామనే అజైల్ ప్రకటన రాశాక కథ మారింది. ఆ దారిలో ఎక్కువగా వాడే స్క్రమ్ అనే పద్ధతిలో ప్రాడక్ట్ ఓనరు ఉంటాడు, స్క్రమ్ మాస్టరు ఉంటాడు, డెవలపర్లు ఉంటారు. ప్రాజెక్ట్ మేనేజరనే పేరే లేదు. పని మాత్రం పోలేదు. ఎవరో ఒకరు బడ్జెట్ చూడాలి, ఎవరో ఒకరు క్లయింటుకి చేదు మాట చెప్పాలి. అందుకే పేర్లు మారుతూ వచ్చాయి. నా విజిటింగ్ కార్డు మీద ఇప్పటికి ఐదు హోదాలు మారాయి. పని దాదాపు అదే. కాబట్టి హోదా మీద మీ గుర్తింపుని కట్టుకోవద్దు. రేపు ఒక మెయిలుతో అది మారిపోతుంది.

ఇంగ్లీషు లేకుండా ఒక్క వాక్యం

మొదటి పని ఇది. మీ పని గురించి ఏమాత్రం తెలియని ఒక మనిషికి, మీ అమ్మకో, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కో, మీ పని తెలుగులో ఒక వాక్యంలో చెప్పండి. కోఆర్డినేట్, మేనేజ్, హ్యాండిల్ అనే మాటలు రాకూడదు.

మొదటిసారి అందరూ ఒకే చోట ఇరుక్కుంటారు. "ప్రాజెక్టు చూసుకుంటానమ్మా" అంటారు. ఈ "చూసుకుంటాను" అనే మాట దగ్గరే ఆగండి. పిల్లల్ని చూసుకుంటాం, కొట్టు చూసుకుంటాం, పెళ్లి పనులు చూసుకుంటాం. ఆ మాటలో ప్రేమ ఉంది, బాధ్యత ఉంది, కానీ ఏం చేశామో లేదు. మీరు ఈ వారం నిజంగా చేసినవి తీసుకుని వాటికి క్రియలు వెతకండి. తేల్చాను. ఆపాను. ఒప్పించాను. కుదించాను. ముందే చెప్పాను. విడదీశాను. అడ్డుపడ్డాను. తెప్పించాను. మన భాషలో ఇలాంటి గట్టి క్రియలు బోలెడున్నాయి. మనమే వాడటం మానేశాం. మన రిపోర్టులు చూడండి: "తేదీ మారింది", "సమస్య పరిష్కారమైంది", "నిర్ణయం జరిగింది". చేసిన మనిషి ఎక్కడా కనపడడు. ఏళ్ల తరబడి అలాంటి వాక్యాలు రాస్తే మన కంటికి కూడా మనం కనపడం.

నాకు ఆ వాక్యం దొరకడానికి మా నాన్న కావాల్సొచ్చింది. ఆయన సాగర్ కుడి కాలువ కింద, నరసరావుపేట వైపు ఒక మేజరు మీద, అంటే పెద్ద పిల్లకాలువ మీద, లస్కరుగా చేశాడు. లస్కరంటే తూము తలుపులు ఎత్తి దించే మనిషి. కాలువ తవ్వింది ఆయన కాదు, వరి పండించింది ఆయన కాదు. ఎగువ వాళ్లు ఎక్కువ లాగేసుకోకుండా, వంతు ప్రకారం నీళ్లు వదిలి, ఆఖరి మడి దాకా పారేట్టు చూడటం ఆయన ఉద్యోగం. రాత్రిళ్లు టార్చిలైటు పట్టుకుని సైకిల్ మీద కట్ట వెంట తిరిగేవాడు. చివరి ఆయకట్టు రైతు "నీళ్లొచ్చాయి బాబాయ్" అన్న రోజు ఇంటికొచ్చి ఎక్కువ అన్నం తినేవాడు. అది చూసి మా అమ్మకి సంగతి తెలిసిపోయేది.

క్లెయిముల సిస్టమ్ అయ్యాక సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నాయనమ్మ పక్కన కూర్చుని చెప్పాను. "నాయనమ్మా, ఎంతోమంది కలిసి చేసే పని ఒకటుంటుంది. దాన్లో ఎక్కడా ఆగకుండా, ఎవరూ ఎవరిదీ లాగేసుకోకుండా, అనుకున్న రోజుకి ఆఖరి మనిషి చేతికి అందేట్టు చేస్తా" అని. "అంటే మీ నాన్న పనే" అంది. అవును.

మీకు లస్కరు సరిపోకపోవచ్చు. మీ ఇంట్లో, మీ ఊళ్లో ఇంకెవరో ఉంటారు. తాపీ మేస్త్రీ కావచ్చు, జాతరకి అన్ని ఊళ్ల ప్రభల్ని వరసలో నడిపించే పెద్దమనిషి కావచ్చు. ఎదురుగా తన చేత్తో వస్తువు తయారు చేయకుండానే ఊరంతా "ఆయన లేకపోతే కాదు" అనుకునే మనిషి. ఆ మనిషి ఏం చేస్తాడో కాగితం మీద రాయండి. మీ పనిలో అలాంటివి ఏవున్నాయో పక్కన రాయండి. ఈ కసరత్తుకి ఒక సాయంత్రం ఇవ్వండి, తొందరపడొద్దు.

గేజీ రిజిస్టరు

నేను చెప్పేవాటిలో ఒక్కటే చేస్తామంటే ఇది చేయండి.

మా నాన్న దగ్గర ఒక పొడుగాటి రిజిస్టరు ఉండేది. తూము దగ్గర గేజీ రాయి మీద నీటి మట్టం ఎంతుందో పొద్దున, సాయంత్రం రాసేవాడు. పక్కన తలుపు ఎత్తాడా, దించాడా, ఎంత. ఏమీ చేయని రోజు కూడా ఖాళీ వదిలేవాడు కాదు. "గేటు కదపలేదు" అని రాసేవాడు. కదపకపోవడం కూడా ఆయన నిర్ణయమే కదా.

నేను 2015 జనవరిలో, ఆ సంక్రాంతి నుంచి తిరిగొచ్చిన వారం, రెండొందల పేజీల నోటుబుక్ కొని మొదలుపెట్టాను. రోజూ ఇంటికి బయల్దేరే ముందు ఏడు నిమిషాలు. మూడు సంగతులు: ఏం గమనించాను, ఏం చేశాను, దానివల్ల ఎవరికి ఏం మారింది. మీటింగుల పేర్లు రాయకూడదు. "స్టీరింగ్ కమిటీ అయింది" అంటే ఏమీ రాయనట్టే. ఎన్ని మెయిళ్లు పంపానో కూడా అనవసరం. నా పాత పుస్తకాల్లోంచి మూడు ముక్కలు, మనుషుల వివరాలు తీసేసి:

మంగళవారం. టెస్ట్ డేటా ఇవ్వడానికి అవతలి టీముకి మూడు వారాలు పడుతుందట. మన ప్లాన్‌లో ఒక వారమే ఉంది. సాయంత్రమే క్లయింటుకి చెప్పాను. గట్టిగా మాటలన్నారు. తేదీ పది రోజులు జరిగింది. మనవాళ్లకి రెండు శనివారాలు మిగిలాయి.

గురువారం. ఒకే డిజైన్ మీద ఇద్దరు సీనియర్లు తొమ్మిది రోజులుగా మెయిళ్లు రాసుకుంటున్నారు. ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టాను. ఏది తప్పయితే వెనక్కి తీసుకోవడం తేలికో అదే ముందు చేద్దామన్నాను. నలభై నిమిషాల్లో తేలింది.

శుక్రవారం. కొత్తమ్మాయి ఎస్టిమేట్ తక్కువ వేసిందనిపించింది. అడగలేదు. తనే పట్టుకుంటుందేమో సోమవారం దాకా చూద్దాం. గేటు కదపలేదు.

పుస్తకమే ఎందుకంటే, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో రాసింది ఆఫీసుది. ఉద్యోగం మారితే అక్కడే ఉండిపోతుంది. చేత్తో రాసినా సరే క్లయింటు పేరు, అంకెలు, సిస్టమ్ వివరాలు రాయొద్దు. మీరు సంతకం పెట్టిన గోప్యత ఒప్పందం ఇంటి పుస్తకానికీ వర్తిస్తుంది. మీకు కావాల్సింది మీ నిర్ణయం, దాని ఫలితం. అవి పేర్లు లేకుండానే రాయొచ్చు.

నెలాఖరు శుక్రవారం అరగంట కూర్చుని వెనక్కి చదవండి. మొదటి నెల పేజీలు పల్చగా ఉంటాయి, నిరాశ వేస్తుంది. రెండో నెలకి చేయి తిరుగుతుంది. ఎందుకంటే సాయంత్రం రాయాల్సి ఉందని తెలిసిన మనిషి పగలు వేరేగా చూస్తాడు. ఇది నేను నామీద, కనీసం పదిమంది మీద చూశాను. అప్రైజల్ సమయంలో ఇదొక్కటే నిజమైన ముడిసరుకు అని వేరే చెప్పక్కర్లేదు.

అసంతృప్తిని రెండుగా చీల్చండి

పిల్లలు నా దగ్గరికొచ్చి "అక్కా, ఈ జాబ్ నచ్చట్లేదు" అంటారు. ఏది నచ్చట్లేదంటే అన్నీ కలిపి చెప్తారు. జీతం హైక్, మేనేజరు, రాత్రి కాల్స్, ట్రాఫిక్, పనిలో సారం లేకపోవడం. వీటన్నిటికీ ఒకే మందు ఉండదు.

1950ల్లో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పిట్స్‌బర్గ్ దగ్గర రెండొందల మంది ఇంజినీర్లని, అకౌంటెంట్లని కూర్చోబెట్టి అడిగాడు: పనిలో ఎప్పుడు బాగా అనిపించింది, ఎప్పుడు అస్సలు బాగాలేదు అని. బాధపెట్టినవి చెప్పమంటే కంపెనీ నియమాలు, పైవాళ్ల తీరు, జీతం, పని పరిస్థితులు ఎక్కువగా వచ్చాయి. ఆనందం ఎప్పుడంటే సాధించిన పని, దానికి దక్కిన గుర్తింపు, చేసే పనే, బాధ్యత అన్నారు. ఆ రెండూ ఒకే తక్కెడకి రెండు పళ్లేలు కావని ఆయన తేల్చింది. ఆ తర్వాత దాని మీద వాదాలు చాలా నడిచాయి. నా అనుభవంలో మాత్రం ఆ విభజన చాలా పనికొచ్చింది.

కాగితానికి మధ్యలో గీత గీయండి. ఎడమవైపు పరిస్థితుల బాధలు, కుడివైపు పనిలోనే ఉన్న లోటు. ఎడమవైపువి అడిగి సాధించుకోవాల్సినవి. జీతం తక్కువుంటే జీతం గురించే మాట్లాడండి, బయట ఆఫర్లు చూడండి. రాత్రి పదింటి కాల్ వారానికి ఐదుంటే రెండుకి తగ్గించమని ఆధారాలతో అడగండి. కానీ కుడివైపు లోటుని ఎడమవైపు మందుతో నయం చేయబోతే ఆర్నెల్లలో మళ్లీ అక్కడికే వస్తారు. ముప్ఫై శాతం హైక్‌తో గచ్చిబౌలిలో ఒక బిల్డింగ్ నుంచి ఎదురు బిల్డింగ్‌కి మారి, తొమ్మిది నెలలకి అదే మాట చెప్పినవాళ్లు నాకు తెలుసు.

కుడివైపుకి మందు క్యాలెండర్లో ఉంది. రెండు వారాల మీటింగులు ప్రింటు తీసుకుని మూడు రంగుల పెన్నులు పట్టుకోండి. నేను లేకపోయినా ఏమీ మారనివి ఒక రంగు. నేను ఉంటేనే తేలేవి ఒక రంగు. వేరే ఎవరో నేర్చుకోవాల్సింది నేను పట్టుకుని కూర్చున్నవి ఒక రంగు. మొదటిసారి చేసినప్పుడు నాకు నలభై ఒక్క మీటింగులు వచ్చాయి. అందులో పదిహేడింట్లో నేను నోరే తెరవలేదు. వాటిలో తొమ్మిదింటి నుంచి తప్పుకుంటానని, బదులు ఒక పేజీ రాసి పంపుతానని మా డెలివరీ హెడ్‌ని అడిగాను. ఆరింటికి ఒప్పుకున్నాడు. మూడో రంగువి ఇద్దరు లీడ్లకి ఇచ్చాను. మిగిలిన సమయాన్ని ఒక దానికే పెట్టాను: వారానికొకసారి ఆ సిస్టమ్ వాడే మనుషులతో నేరుగా మాట్లాడటం. మేనేజరుకి ఎక్కువగా దొరకనిదే అది. మన పని ఎవరికి అందిందో మనకి కనపడదు.

2001లో ఎమీ రెజ్నెస్కీ, జేన్ డటన్ అనే ఇద్దరు పరిశోధకులు దీనికొక పేరు పెట్టారు, జాబ్ క్రాఫ్టింగ్ అని. ఉన్న ఉద్యోగాన్నే తమ చేతికి సరిపోయేట్టు మలుచుకోవడం. ఆస్పత్రిలో ఊడ్చి తుడిచే కార్మికుల్లో కొందరు తమ పనిని శుభ్రం చేయడంగానే చూశారు, ఇంకొందరు రోగి కోలుకోవడంలో తమ చేయి కూడా ఉందని చూసి, దానికి తగ్గట్టు అడగని పనులు కూడా చేశారు. ఉద్యోగం ఒకటే. నాకిది చదివినప్పుడు కట్ట మీద టార్చిలైటే గుర్తొచ్చింది.

గేజీ అబద్ధం చెప్పకూడదు

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. మన వృత్తికి అసలు పరీక్ష ఇక్కడే జరుగుతుంది.

స్టేటస్ రిపోర్టులో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు ఉంటాయి. బయటికి ఆకుపచ్చగా ఉండి లోపల ఎర్రగా ఉన్న రిపోర్టుని మావాళ్లు పుచ్చకాయ అంటారు. నేను ఒకసారి మూడు వారాలు పుచ్చకాయ పంపాను. ఇంటిగ్రేషన్ వెనకబడిందని నాకు తెలుసు. "క్వార్టర్ అయ్యేదాకా ఆకుపచ్చే ఉంచమ్మా" అని పైనుంచి చెప్పారు, ఉంచాను. నాలుగో వారం అది దాచలేని స్థితికి వచ్చింది. అప్పుడు చివరి పదిహేను రోజులు టీమ్ రాత్రీ పగలూ కూర్చుంది. తెనాలి కుర్రాడొకడు చెల్లెలి నిశ్చితార్థానికి వెళ్లలేకపోయాడు. వీడియో కాల్‌లో చూశాడు, కాన్ఫరెన్స్ రూమ్‌లో, నా ఎదురుగా. ఆ మూడు వారాల ముందే నేను పసుపు రంగు వేసుంటే అతను ఆ రోజు తెనాలిలో ఉండేవాడు. ఇది నేను చేసిన తప్పు. ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇంటికెళ్లి నాన్నకి చెప్పాను. ఆయన ఒకటే అడిగాడు, "గేజీ ఎంతుంటే అంత రాయటానికి నీకేం అడ్డమొచ్చింది?" ఎగువ పెద్ద రైతులు ఎన్నోసార్లు ఆయన మీదికొచ్చారు. తలుపు ఇంకొంచెం ఎత్తమని, రిజిస్టరులో మాత్రం పాతదే ఉంచమని. కొన్నిసార్లు వాళ్లు బలవంతంగా తలుపు ఎత్తారు, ఆయన ఆపలేకపోయాడు. కానీ రిజిస్టరులో ఉన్నదే రాశాడు. "ఎత్తారు, ఆపలేకపోయాను" అని కూడా రాశాడు. ఎందుకంటే ఆ అంకె చూసే కింది లస్కరు తన లెక్క వేసుకుంటాడు.

ఆ తర్వాత నాకు నేను పెట్టుకున్న పద్ధతి ఇది, మీరూ పెట్టుకోండి. ఏ రంగూ వాక్యం లేకుండా పంపను. పసుపు అంటే ఎందుకు పసుపో, ఏ తేదీలోపు ఏది జరగకపోతే ఎరుపవుతుందో ఒక వాక్యం. పైవాళ్లు రంగు మార్చమంటే మార్చే ముందు ఇలా అడుగుతాను: "మార్చాలంటే ఈ వాక్యం కూడా మార్చాలి సార్. ఏమని రాయమంటారు?" గొంతు పెంచక్కర్లేదు. పదిసార్లలో ఏడెనిమిదిసార్లు అక్కడితో ఆగిపోతుంది. ఆగనిచోట నా మాట నా మెయిల్లో ఉంటుంది. ఇంకొకటి, చెడు వార్త ఎప్పుడూ ఒక ప్రతిపాదనతో తీసుకెళ్లండి. తేదీ జరపాలా, పని తగ్గించాలా, మనుషుల్ని పెంచాలా, మీ సలహా ఏది అని. అప్పుడు మీరు ఫిర్యాదు చేసే మనిషిలా కాక, దారి చెప్పే మనిషిలా కనపడతారు.

సంతృప్తి గురించి రాస్తానని నిజాయితీ గురించి ఎందుకు రాశానంటే, ఈ వృత్తిలో మనం తయారుచేసే వస్తువంటూ ఏదైనా ఉంటే అది నమ్మదగిన సమాచారమే. దాన్ని కల్తీ చేశాక ఎన్ని అవార్డులొచ్చినా రాత్రి నిద్ర పట్టదు. నాకు పట్టలేదు.

సర్టిఫికెట్ సంగతి

ప్రాజెక్ట్ మేనేజర్లకి పీఎంఐ ఇచ్చే సర్టిఫికెట్ పీఎంపీ 1984 నుంచి ఉంది. రాయాలంటే డిగ్రీ ఉన్నవాళ్లకి కూడా కొన్నేళ్ల ప్రాజెక్ట్ అనుభవం, ముప్ఫై ఐదు గంటల శిక్షణ చూపించాలి. పాసయ్యాక కూడా మూడేళ్లకోసారి అరవై పీడీయూలు, అంటే నేర్చుకున్నదానికిచ్చే పాయింట్లు, కూడబెట్టి నిలబెట్టుకోవాలి. నేను రాశాను, మేలే జరిగింది. వేరే దేశంలో, వేరే రంగంలో ఉన్న మేనేజరుతో ఒకే భాషలో మాట్లాడగలిగాను. రెజ్యూమే జల్లెడలో నిలబడింది. కానీ మనసులో ఖాళీకి మందని రాయకండి. ముందు ఆర్నెల్లు రిజిస్టరు రాసి, ఆ తర్వాత చదవండి. అప్పుడు ప్రతి అధ్యాయంలో మీ పేజీలే కనపడతాయి, చదువు త్వరగా ఎక్కుతుంది.

కాలువ కట్టేసిన నెలలు

ప్రాజెక్ట్ అయిపోయి ఇంకోటి రాని మధ్యకాలం మేనేజరుకి చాలా కష్టం. డెవలపరు బెంచ్ మీదుంటే కొత్త టెక్నాలజీ నేర్చుకుంటాడు. మేనేజరుకి ఫోన్ మోగదు, ఆ నిశ్శబ్దమే భయపెడుతుంది.

వేసవిలో కాలువకి నీళ్లు కట్టేశాక మా నాన్న ఖాళీగా కూర్చునేవాడు కాదు. తలుపులకి గ్రీజు పెట్టేవాడు, పూడిక ఎక్కడ పేరుకుందో నడిచి చూసి రాసుకునేవాడు, గండి పడే చోట్లు గుర్తుపెట్టేవాడు. మీరూ అదే చేయండి. మొదటి వారంలో, అయిపోయిన ప్రాజెక్టులో ఉన్న ప్రతి మనిషికీ ఒక ఉత్తరం రాయండి. "గుడ్ జాబ్" అని కాదు. "సెప్టెంబరులో ఆ రాత్రి నువ్వు బిల్డ్ ఆపి వెనక్కి తీసుకున్నావు కదా, దానివల్ల సోమవారం బ్రాంచీలు తెరుచుకున్నాయి" అని. మీ రిజిస్టరులో చూస్తే ఇలాంటివి దొరుకుతాయి. తర్వాత మీకు మొహమాటం లేని ఇద్దర్ని టీకి పిలిచి ఒకే ప్రశ్న అడగండి: "నేను లేకపోయుంటే ఈ ప్రాజెక్టులో ఏది ఆగిపోయేది?" వాళ్లు చెప్పేది విని మధ్యలో అడ్డు చెప్పకుండా రాసుకోండి. నన్ను ఒకతను "ఏదీ ఆగేది కాదు మేడమ్, కానీ మేం ఒకళ్లనొకళ్లం తప్పుపట్టుకునేవాళ్లం" అన్నాడు. నా గురించి నాకు ఎవరూ చెప్పని సంగతి అది.

ఉండాలా, వెనక్కి వెళ్లాలా

మూడు నెలల రిజిస్టరు ముందేసుకుని, మళ్లీ అలాంటి రోజు రావాలనిపించే పేజీలకి మాత్రం చుక్క పెట్టండి. చుక్కలన్నీ డిజైన్ తేల్చిన చోట, కోడ్ చూసిన చోట, పెర్ఫార్మెన్స్ సమస్య పట్టిన చోటే పడ్డాయంటే మీ మనసు ఎక్కడుందో అది చెప్తోంది. అప్పుడు టెక్నికల్ వైపు తిరిగి వెళ్లడం ఓటమి కాదు.

ఇది చెప్పడం తేలిక, చేయడం కష్టమని నాకు తెలుసు. నా సహోద్యోగి ఒకాయన నలభై ఒకటో ఏట మేనేజరు పని వదిలి సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ అయ్యాడు. ఇంట్లో మామగారు "మేనేజరై మళ్లీ కిందకా?" అన్నారట. పెళ్లిళ్లలో చుట్టాలకి హోదా పేరు చెప్పుకునే మన ఇళ్లల్లో ఆ మాట తగులుతుంది. ఆయన చేసిన తయారీ చెప్తాను, ఇది పనికొస్తుంది. ముందు ఎనిమిది నెలలు, రోజూ పొద్దున గంట, ఒక చిన్న సర్వీస్ తనే రాశాడు. మార్కెట్లో ఆర్కిటెక్ట్ జీతం ఎంతో నలుగుర్ని అడిగి, ఇంటి లోను కిస్తీకి సరిపోతుందో లేదో భార్యతో కూర్చుని లెక్క వేశాడు. తర్వాతే పైఆఫీసరు దగ్గరికెళ్లాడు, అది కూడా ప్రాజెక్ట్ మధ్యలో కాకుండా రెండు ప్రాజెక్టుల మధ్య. "మేనేజరుగా నచ్చట్లేదు" అనలేదు. "ఈ మూడు డిజైన్ నిర్ణయాలు నావి, ఇలాంటివి పూర్తి సమయం చేస్తాను" అన్నాడు. ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆయన నా కంటే బాగా నిద్రపోతాడని ఆయన భార్య చెప్తుంది.

చుక్కలు మనుషుల మధ్య, తేదీల మధ్య, ఎవరో ఒకరు ముందే చెప్పాల్సిన మాటల మధ్య పడితే మీరు సరైన చోటే ఉన్నారు. నాకు 2019లో అలాగే పడ్డాయి. ఉండిపోయాను.

ఇప్పుడు చేస్తున్నది ఒక ఆస్పత్రుల గొలుసుకి మందుల స్టాకు సిస్టమ్. ఊళ్లలో చిన్న కేంద్రాలున్నాయి, అక్కడి ఫార్మసిస్టులకి లాగిన్లు వెళ్లడం ఆలస్యమైంది. పెద్ద ఆస్పత్రులతో మొదలుపెట్టేద్దామని అందరూ అన్నారు. పదిహేను రోజులు ఆపాను. నిన్నటి పేజీలో ఇలా ఉంది: బుధవారం. ఆఖరి కేంద్రం ఫార్మసిస్టు పదకొండూ ఇరవైకి లాగినయ్యారు, ఫోన్ చేసి చెప్పారు. మధ్యాహ్నం నుంచి గేటు కదపలేదు.